ఎముక ఒప్పుకున్నంత

"కిమ్చీ పెట్టారా అమ్మా?"

డాక్టర్ నామ్‌గుంగ్ తలెత్తకుండానే అడిగాడు. గోడ మీది తెరలో మల్‌సుక్ నడుం ఎక్స్‌రే వెలుగుతోంది. ఎండలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఆపరేషన్ చేసి, అరిగి దగ్గరపడిన రెండు వెన్నుపూసల మధ్య ఎడం కోసం పెట్టిన టైటానియం ముక్క అందులో తెల్లగా కనబడుతోంది. అది ఉండాల్సిన చోట లేదు. ఒక మూల కింది పూసలోకి కూరుకుపోయింది.

"పెట్టామండీ. చొంగ్‌దోలో, మా వదిన వాళ్లింట్లో. అయితే నేను..."

"అదీ సంగతి." డాక్టరు ఇప్పుడు తలెత్తాడు. మొహంలో కోపం లేదు, చెప్పిందే పదిమందికీ చెప్పి అలవాటైన ఓపిక ఉంది. "మొయ్యద్దన్నాను. వంగద్దన్నాను. ఎముక అతుక్కోకముందే క్యాబేజీ గంగాళాలు ఎత్తితే ఇదే అవుతుంది. పాతది తీసి కాస్త వెడల్పుది పెట్టాలి. ఇంకోసారి కోత తప్పదు."

చెప్పబోయిన మాట మల్‌సుక్ నోట్లోనే ఆగిపోయింది. ఆమె చెప్పబోయింది పెద్ద విశేషమేం కాదు. ఆ రోజు వదిన ఆమెను ఒక్క గిన్నె కూడా ముట్టుకోనివ్వలేదు. ఎత్తు కుర్చీ మీద కూర్చోబెట్టి, ఉప్పులో ఊరిన క్యాబేజీ ఆకుల మధ్య కారం ముద్ద పూసే పని మాత్రం ఇచ్చింది. లేవబోతే కసిరింది. కానీ నవంబరు దాటాక నడుం పట్టుకుని వచ్చిన ప్రతి ఆడదాన్నీ దేగూ ఊళ్లో ఏ డాక్టరైనా అడిగే మొదటి ప్రశ్న ఇదే. చలికాలానికి సరిపడా కిమ్చీ పచ్చడి పెట్టలేదు అనే ఆడది ఆ చుట్టుపక్కల పుట్టలేదు. ఇక విచారణ దేనికి? ప్రశ్నలోనే తీర్పు అయిపోయింది.

పక్కన నిలబడ్డ మొగుడు దొక్‌బే టోపీ నలుపుతూ పెళ్లాం వైపు చూశాడు. "ఎత్తలేదన్నావుగా?"

"ఎత్తలేదయ్యా."

"మరి డాక్టర్ గారు అబద్ధమాడతారా?"

అసలు ఇంకో సంగతి చెప్పాలి. ఆ క్షణాన ఆమెకే అనుమానం వచ్చింది. పిండి బస్తాలు, నీళ్ల బకెట్లు, పులుసు డేగిసాలు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఎత్తుతూనే ఉంది. ఆ రోజు కూడా తెలియకుండా ఏదో ఒకటి ఎత్తే ఉంటుంది. ఒళ్లు అలవాటు పడిన పని మనసుకి చెప్పి చేస్తుందా? తప్పు తనదేనని ఆమె ఒప్పేసుకుంది, ఎవరూ గట్టిగా అడక్కుండానే.

దొక్‌బే ఆసుపత్రి మెట్ల మీదే చొంగ్‌దోలో ఉన్న అక్కకి ఫోన్ చేశాడు. "అక్కా! నా పెళ్లాం నడుం నీ వాకిట్లో విరిగింది. తెలుసా?"

"ఏం కూశావురా!" అవతల అక్క గొంతు ఫోను బయటికి కూడా వినబడింది. "దాన్ని కొత్త కోడల్లా కూర్చోబెట్టాను. నీళ్ల గ్లాసు కూడా నేనే అందించాను. నీ కళ్లు ఎక్కడ పెట్టుకుని ఉన్నావు, ఆ రోజు నువ్వు మా ఆయనతో కలిసి తాగుతూ కూర్చున్నావు కదరా!"

"డాక్టరు చెప్పాడు. నీకంటే ఆయనకి ఎక్కువ తెలుసు." ఫోను పెట్టేశాడు. ఆ సాయంత్రం అంతకంటే పెద్ద పని చేశాడు. అక్క పంపిన కిమ్చీ డబ్బాలన్నీ కట్టి చొంగ్‌దో బస్సెక్కించి పంపేశాడు. కిమ్చీ తిప్పి పంపడమంటే ఆ ఊళ్లో మొహాన తలుపేసినట్టే. డబ్బాలు ముట్టినట్టు అటునుంచి ఒక్క మాట కూడా రాలేదు.

మల్‌సుక్‌కి నడుం నొప్పి కంటే అది ఎక్కువ బాధ పెట్టింది. కాపురానికి వచ్చిన కొత్తలో చేతికి కత్తిచ్చి, శనగపిండి లాంటి పచ్చి సోయాపిండి గోధుమపిండిలో కలిపి నూడుల్స్ కొయ్యడం నేర్పింది ఆ వదినే. మార్కెట్లో నూడుల్స్ అంగడి పెట్టినప్పుడు బల్ల తోమి ఇచ్చింది ఆ వదినే. ఇప్పుడు ఆ బల్ల దగ్గర దొక్‌బే ఒక్కడే ఉన్నాడు. బారెడు అప్పడాల కర్రతో పిండి పలచగా ఒత్తి, మడిచి, కత్తి టకటకలాడించడం అతని వల్ల కాదు. మిషన్ నూడుల్స్ తెచ్చి పులుసులో వేస్తున్నాడు. పాతికేళ్లుగా వస్తున్నవాళ్లు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "అమ్మ ఎప్పుడొస్తుంది?" అని అడిగి సగం వదిలేసి పోతున్నారు.

*

ఆసుపత్రిలో చేరిన రోజు మల్‌సుక్‌కి పక్క మంచం మీద సొన్‌సాన్ ఊరి అవ్వ దొరికింది. మెడకి ఆపరేషన్ అయి పట్టీ వేసుకుని, తల తిప్పలేక కళ్లు మాత్రమే తిప్పుతూ, ఆ కళ్లతోనే వార్డంతా ఏలుతుండేది.

"కిమ్చీయేనా?" అంది అవ్వ, మల్‌సుక్ ఇంకా చెప్పులు విప్పకముందే.

"కిమ్చీయే అవ్వా."

"నాదీ అంతే అన్నారు. నాకు పళ్లూడి నాలుగేళ్లయింది, నేను కిమ్చీ పెట్టడమేమిట్రా అంటే, మరి కిందటేడు పెట్టి ఉంటావు అన్నారు." అవ్వ కదలకుండా నవ్వింది. వార్డులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. మల్‌సుక్‌కి నవ్వు రాలేదు.

ఎక్స్‌రే గదికి వెళ్లివస్తుంటే లిఫ్టు దగ్గర జిన్‌మో కనబడ్డాడు. నీలం కోటు, ఒక చేతిలో కాగితపు కాఫీ కప్పుల అట్టపెట్టె, ఇంకో చేత్తో స్టీలు పెట్టెలు పేర్చిన బండి. కిందటిసారి కూడా ఇక్కడే కనబడ్డాడు. అప్పుడు అతన్ని చిన్న డాక్టరనుకుని వంగి వంగి దణ్ణాలు పెడితే సిగ్గుపడిపోయి, "అయ్యో, నేను డాక్టర్ని కానమ్మా, ఎముకల్లో పెట్టే సామాను అమ్మే కంపెనీ మనిషిని" అని చెప్పాడు.

"అమ్మా! మళ్లీ వచ్చారేం?"

"నీ సామాను కూరుకుపోయింది నాయనా. నేనే ఏదో ఎత్తానట."

జిన్‌మో మొహంలో నవ్వు ఆగిపోయింది. కాఫీ పెట్టె బండి మీద పెట్టాడు. "ఎక్కడ కూరుకుపోయింది?"

"కింది ఎముకలోకట. నాకేం తెలుసు. అసలు అదెలా ఉంటుందో కూడా నేను చూడలేదు."

అతను కోటు జేబులోంచి చిన్న ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. చూపించడానికి ఉంచుకునే నమూనా. చిటికెన వేలి కొసంత ఉంది. చిన్న మర తిప్పితే పై పలక మెల్లగా పైకి లేచింది. "కారు టైరు మార్చేటప్పుడు కింద జాకీ పెట్టి తిప్పుతారు చూడండి. అదేనమ్మా ఇది. లోపలికి పెట్టేటప్పుడు పలచగా ఉంటుంది, నరాలకి తగలదు. పెట్టాక బయటినుంచి తిప్పితే ఎత్తు పెరుగుతుంది. పూసల మధ్య ఎడం వస్తుంది."

"ఎంత ముద్దుగా ఉంది! మరి తిప్పేదెవరు?"

"డాక్టర్ గారే," అన్నాడు జిన్‌మో. లిఫ్టు వచ్చింది. అతను ఆమె చేతిలోంచి ముక్క తీసుకోవడం కూడా మరిచి బండి లోపలికి తోశాడు. మళ్లీ గుర్తొచ్చి, మూసుకోబోతున్న తలుపు మధ్య చేయి పెట్టి ముక్క అడిగి తీసుకున్నాడు. పిల్లాడు మంచివాడే, ఈ రోజు కాస్త కంగారులో ఉన్నాడు అనుకుంది మల్‌సుక్.

*

కిందటిసారి పూర్తి మత్తు ఇస్తే రోజుల తరబడి వాంతులతో చచ్చి బతికింది. అందుకని మత్తు డాక్టరమ్మ ఈసారి నడుం నుంచి కిందికి మాత్రమే మొద్దుబారే మందు ఇచ్చింది. "కునుకు పట్టేలా ఇంకో మందు కొంచెం ఇస్తాను. పాటలు వింటూ పడుకోండి, ఏం తెలియదు" అని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టింది. బోర్లా పడుకోబెట్టి, మొహం ఒక పక్కకి తిప్పి, మీద పచ్చ బట్టలు కప్పారు. చెవిలో ఎవరో పాతకాలం గాయని రేవు విడిచిన ఓడ గురించి ఏడుస్తోంది. మల్‌సుక్ కునికింది.

మెలకువ వచ్చేసరికి ఒక చెవిలో పాట లేదు. ఇయర్‌ఫోన్ జారి దిండు మీద పడింది. నడుం ఉందో లేదో తెలియడం లేదు గానీ, ఎవరో తన మీద పని చేస్తున్నట్టు ఒళ్లంతా మెల్లగా ఊగుతోంది. నీళ్లు పీల్చే గొట్టం గురగుర. డాక్టరు గొంతు వినబడింది.

"పాతది వచ్చేసింది. కొత్తది ఇలా ఇవ్వు. ఆ... కూర్చుంది. పక్క గదిలో మెడ కేసు తెరిచి పెట్టారు, నేను చూసి వస్తా. నువ్వు తిప్పి తెరిచి ఉంచు."

"సార్, ఈవిడ కేసు..." అని ఎవరో ఏదో అనబోయారు.

"ఎప్పుడూ చేసేదే కదా." చెప్పుల చప్పుడు, తలుపు జరిగిన చప్పుడు.

తర్వాత "టిక్" మంది. నడుంలోంచి ఆ చప్పుడు ఎముకల గుండా చెవిలోకి వచ్చింది. ఇంకో టిక్. "తెర కొంచెం ఇటు తిప్పండక్కా," అంది నర్సుతో, ఇందాక అనబోయిన గొంతు.

ఆ గొంతు మల్‌సుక్‌కి తెలుసు. నిన్న లిఫ్టు దగ్గర జాకీ సంగతి చెప్పిన గొంతు. కాఫీలు మోసుకొచ్చే గొంతు.

ముందు ఆమెకి నమ్మబుద్ధి కాలేదు. మందు మహిమ అనుకుంది. మళ్లీ టిక్. అప్పుడు భయం వేసింది, చెప్పలేనంత భయం. వీపు తెరిచి ఉంది. కాళ్లు తనవి కావు. లేచి పారిపోవడానికి లేదు, తిరిగి చూడటానికి లేదు. నోరొక్కటే తన చేతిలో ఉంది, ఆ నోటితో డాక్టర్ల ముందు ఆమె ఏనాడూ పట్టుమని ఒక మాట అనలేదు. అంటే ఏమవుతుంది? వాళ్లకి కోపం వస్తే? చెయ్యి జారితే? అరవై దాటిన ఆడది ఆపరేషన్ బల్ల మీద పడుకుని పెత్తనం చేసిందంటే నవ్వరా?

టిక్.

"జిన్‌మో నాయనా," అంది మల్‌సుక్. "నువ్వేనా?"

గదిలో గొట్టం తప్ప అన్నీ ఆగిపోయాయి.

"అమ్మా, ఏం లేదు, కళ్లు మూసుకోండి," అంది నర్సు గబగబా. "మేడం, మెలకువ వచ్చేసింది, కొంచెం మందు పెంచండి."

"నన్ను పడుకోబెట్టద్దు!" మల్‌సుక్ గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "మీకు దణ్ణం పెడతాను, పడుకోబెట్టద్దు. డాక్టర్ గారిని పిలవండి. ఆయన వచ్చేదాకా ఎవరూ తిప్పద్దు. నా నడుమమ్మా అది. జాకీ కాదు."

మత్తు డాక్టరమ్మ చెయ్యి సిరంజి మీదే ఆగి ఉండాలి, ఎందుకంటే మందు రాలేదు. తల దగ్గరికి వంగి ఆమె మల్‌సుక్ నుదుటి మీద అరచెయ్యి వేసింది. వెచ్చటి చెయ్యి.

"వదిలేశానమ్మా," అంది వెనకనుంచి జిన్‌మో గొంతు. "చేతులు తీసేశాను. పిలవండక్కా, సార్‌ని పిలవండి."

ఎవరో ఫోను ఎత్తారు. ఎంతసేపు పట్టిందో మల్‌సుక్‌కి తెలియదు. పాట అయిపోయి ఇంకోటి మొదలై అదీ అయిపోయింది. తలుపు జరిగింది.

"ఎందుకాపారు?"

"పేషెంటు మేలుకుని ఉన్నారు సార్," అంది నర్సు. అంతకంటే చెప్పక్కర్లేకపోయింది.

తర్వాత చేతి తొడుగులు కొత్తవి వేసుకున్న చప్పుడు. "అమ్మా, నేనే. చేస్తున్నాను." అంతే అన్నాడు.

ఈసారి టిక్కులు వేరేగా పడ్డాయి. ఒకటి పడితే మధ్యలో ఖాళీ. ఆయన ఏదో వింటున్నట్టు, తడుముతున్నట్టు. మళ్లీ ఒకటి. ఆగాడు. ఒకటి వెనక్కి తిప్పాడు.

"ఇంకా ఎత్తు ఉంది సార్," అన్నాడు జిన్‌మో మెల్లగా. "తెరమీద ఖాళీ కనబడుతోంది."

"తెర చెప్పదు. చేతికి తగలాలి. ఎముక ఒప్పుకున్నంతే తెరవాలి, ఇది గుల్లగా ఉంది, ఇంకొక్కటి తిప్పినా ఎముక విరిగి ముక్క కూరుకుపోతుంది." ఆయన ఆగాడు. తర్వాత, పనిలో పడి బల్ల మీది మనిషిని మరిచిపోయాడేమో, గొంతు తగ్గించి అడిగాడు. "కిందటిసారి ఈవిడకి ఎంతదాకా తెరిచావు?"

"నిన్నే అడుగుతున్నా."

"చివరిదాకా సార్."

"గట్టిగా తగల్లేదూ?"

"తగిలింది సార్. అలాగే ఉంటుందనుకున్నాను. మీరు వచ్చి చూసి బాగుందన్నారు."

బిగించే పనిముట్టు పళ్లెంలో పెట్టిన చప్పుడు వినబడింది.

పచ్చ బట్ట కింద మల్‌సుక్ కళ్లలోంచి నీళ్లు కారి ముక్కు మీదుగా దిండులోకి పోయాయి. తుడుచుకోవడానికి చెయ్యి రాదు. కోపమో, ఉపశమనమో ఆమెకి తెలియలేదు. ఎత్తలేదు. నేను ఎత్తలేదు. వదిన నన్ను ఎత్తనివ్వలేదు. ఇన్నాళ్లూ మొగుడి మాట, డాక్టరు మాట మోసుకుని తిరిగింది గానీ గంగాళం మొయ్యలేదు.

"నొప్పిగా ఉందా?" అంది మత్తు డాక్టరమ్మ.

"లేదమ్మా," అంది మల్‌సుక్.

*

ఆపరేషన్ అయిన మర్నాడు భోజనాల వేళ జిన్‌మో వార్డుకి వచ్చాడు. నీలం కోటు లేదు. మంచానికి కాస్త దూరంలో నిలబడి నడుం విరిగేలా వంగాడు, వంగి లేవలేదు.

"లే. లేవయ్యా. నాకు లేచి చూడ్డానికి లేదు," అంది మల్‌సుక్.

లేచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఈ ఆసుపత్రికి ఇక నన్ను రావద్దన్నారమ్మా. వేరే మనిషిని పంపుతున్నారు. పోయేముందు చెప్పి పోదామని."

"ఆ వేరే మనిషి ఏం చేస్తాడు? తిప్పుతాడా?"

అతను నేల చూశాడు. "మొదట్లో లేజరు లైటుతో చూపించి చెప్పేవాళ్లం, ముట్టుకునేవాళ్లం కాదు. తర్వాత ఒకరోజు పట్టుకో అన్నారు. ఇంకోరోజు తిప్పు అన్నారు. కాదంటే రేపు ఇంకో కంపెనీ సామాను వాడతారు. అదీగాక..." గుటక వేశాడు. "నాకు బాగా వచ్చనుకున్నానమ్మా. నిజంగా. నిన్న సార్ చేతుల్ని చూసేదాకా అలాగే అనుకున్నాను."

"నా నడుం నీకు పని నేర్చుకునే బల్లా?" అంది మల్‌సుక్. "మా వదిన ఇంటికి కిమ్చీ డబ్బాలు తిప్పి పంపాం మేము. తెలుసా నీకు? ఆవిడ మొహం ఎలా చూడను? పోనీ, నీకు రాదు, ఆయనకి వచ్చు కదా! పని వచ్చినవాడు పక్క గదికి పోవడమేమిటి?"

పక్క మంచం మీద అవ్వ కళ్లు ఇద్దరి మధ్యా తిరుగుతున్నాయి.

జిన్‌మో వెళ్లడానికి వెనక్కి తిరిగాడు. "అన్నం తిన్నావా?" అని మల్‌సుక్ నోట్లోంచి ఊడిపడింది. అడిగినందుకు తన మీద తనకే మండింది. ఏం చేస్తుంది, పాతికేళ్లుగా అంగడి గడపలో నిలబడ్డ ప్రతివాణ్ణీ అడిగిన మాట అది. జిన్‌మో తల అడ్డంగా ఊపి, మొహం రెండు చేతుల్లో పెట్టుకుని గబగబా వెళ్లిపోయాడు.

"వీడా?" అంది అవ్వ. "నా మెడ దగ్గర కూడా వీడే ఉన్నాడేమోనే?"

*

ఇంటికి పంపే రోజు పొద్దున్నే వదిన వచ్చింది. మల్‌సుక్ తనే ఫోన్ చేసి రమ్మంది, కారణం చెప్పలేదు. ఊలు టోపీ, భుజాన సంచి, సంచిలో గుమ్మడికాయ జావ. దొక్‌బే కిటికీ దగ్గర నిలబడి అక్కని చూడనట్టు బట్టలు మడుస్తున్నాడు. అక్క కూడా అతన్ని చూడనట్టే జావ మూత తీసింది.

"తిను. వేడిగా ఉంది. నేను చేసింది తింటే మళ్లీ ఏ ఎముక విరుగుతుందో తెలియదు గానీ," అంది, తమ్ముడికి వినబడేలా.

మల్‌సుక్ చెంచా పట్టుకుంది, తినలేదు. డాక్టర్ నామ్‌గుంగ్ నలుగురు కుర్ర డాక్టర్లతో లోపలికి వచ్చాడు. కాళ్ల వేళ్లు కదపమన్నాడు. కదిలాయి. మడమ నొక్కి చూశాడు. "బాగుంది. చాలా బాగుంది. ఈసారి జాగ్రత్త అమ్మా. బరువులు ఎత్తద్దు. కిందటిసారిలాగా..."

అక్కడ ఆయన మాట ఆగింది. అలవాటు కొద్దీ వచ్చేసిన మాట. మల్‌సుక్ కళ్లు తన కళ్లలోనే ఉన్నాయని అప్పుడు చూశాడు.

"కిందటిసారి ఏం జరిగిందో మా వాళ్లకి చెప్పండి డాక్టర్ గారూ," అంది మల్‌సుక్. గొంతు పెంచలేదు. "నేను చెబితే మా ఆయన నమ్మడు. మీరు చెబితే నమ్ముతాడు. అప్పుడు నమ్మాడు కదా."

దొక్‌బే చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది. కుర్ర డాక్టర్లలో ఒకడు పైకప్పు చూశాడు. అవ్వ మెడ పట్టీ లోంచి, "చెప్పు బాబూ, నేనూ వింటాను" అంది.

డాక్టర్ నామ్‌గుంగ్ జేబులో ఫోను మోగింది, తియ్యలేదు. "క్యాబేజీ వల్ల కాదు," అన్నాడు చివరికి. "ఆవిడ ఎత్తినందువల్ల కాదు. ఆవిడ తప్పేం లేదు."

వదిన జావ మీద మూత పెట్టేసింది. దొక్‌బే మాత్రం తిట్లు తిన్న చిన్న పిల్లాడిలా మొహం పెట్టాడు. పాపం, ఆ మాట మీదే అతను అక్కని వదులుకున్నాడు.

"మరి ఎవరి తప్పండీ?" అన్నాడు దొక్‌బే.

డాక్టరు గోడ గడియారం చూసి, "తర్వాత మాట్లాడదాం, అవతల కేసులున్నాయి" అని తలుపు వైపు తిరిగాడు. కుర్రవాళ్లు పక్కకి జరిగి దారి ఇచ్చారు.

వదిన లేచింది. తొందరేం పడలేదు. చూడవచ్చినవాళ్ల కోసం పెట్టిన స్టూలు ఒకటి మంచం పక్కనుంచి లాగి, ఈడ్చుకుంటూ తీసుకెళ్లి సరిగ్గా తలుపుకి అడ్డంగా వేసి కూర్చుంది. ఒళ్లో సంచి పెట్టుకుంది. టోపీ తీసి సంచి మీద పెట్టింది.

"నాకేం పని లేదు డాక్టరు బాబూ," అంది. "మా ఊరికి బస్సు సాయంత్రం దాకా ఉంటుంది. చెప్పండి."